పదివేల గంటల లెక్క

భీమవరం,
ఆదివారం రాత్రి.

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గాయి. పొద్దున నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ నీకు చెప్పాల్సింది ఇంకా మిగిలిపోయిందని అనిపిస్తూనే ఉంది. ఫోన్లో మొదలుపెడితే సగంలో నీకు ఆఫీసు కాల్ వస్తుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువుకో.

ఉద్యోగంలో చేరిన ఏడాదిలోనే పద్నాలుగు పుస్తకాలు చదివానన్నావు. పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే నాకెంత సంతోషమేసిందో! విశ్వం పుట్టుక, మనిషి పుట్టుక, మెదడు పనితీరు, జన్యువులు... పరీక్షల బెడద లేకుండా, మార్కుల ఆశ లేకుండా, తెలుసుకోవాలన్న కోరిక ఒక్కదాంతో చదివే పిల్ల మనింట్లో ఉందని అమ్మమ్మతో రెండుసార్లు చెప్పాను. ముప్పయ్యేళ్ళు జువాలజీ పాఠాలు చెప్పినదాన్ని, నాకు అంతకంటే కావలసిందేముంది?

అయితే సాయంత్రం మీ తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి నువ్వు టైంటేబుల్ వేసిచ్చావట. రోజుకు 3 గంటల చొప్పున వయొలిన్ సాధన చేస్తే తొమ్మిదేళ్ళు దాటేసరికి 10,000 గంటలు పూర్తవుతాయనీ, అప్పుడు విద్వాంసుడైపోతాడనీ చెప్పావట. పదమూడేళ్ళ పిల్లాడు నన్నేమడిగాడో తెలుసా? "అన్ని గంటలు వాయించాక కూడా రాకపోతే ఏం చెయ్యాలి పెద్దమ్మా?" అన్నాడు. వాడి గొంతులో భయం విన్నాను. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

ఆ లెక్క నువ్వు మాల్కం గ్లాడ్‌వెల్ 2008లో రాసిన 'ఔట్‌లయర్స్' పుస్తకంలో చదివి ఉంటావు. ఆ అంకె ఎక్కడ పుట్టిందో చెబుతాను విను. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరో ఇద్దరితో కలిసి ఒక పరిశోధనా పత్రం ప్రచురించాడు. బెర్లిన్‌లోని ఒక సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థులను పదేసి మంది చొప్పున మూడు జట్లు చేశారు. పెద్ద వేదికలెక్కగలరని ఆచార్యులు నమ్మినవాళ్ళు మొదటి జట్టు. బాగానే వాయించేవాళ్ళు రెండోది. సంగీతం టీచర్లు కాబోయేవాళ్ళు మూడోది. చిన్నప్పట్నుంచి ఏ వయసులో వారానికెన్ని గంటలు ఒంటరిగా సాధన చేశారో వాళ్ళనే గుర్తుచేసుకుని చెప్పమన్నారు. ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి మొదటి జట్టు సగటు 10,000 గంటలు దాటింది.

సగటు, బుజ్జీ. ఆ పదిమందిలో దాదాపు సగంమంది ఇరవయ్యేళ్ళకు ఆ అంకెను చేరనే లేదని ఎరిక్సనే తర్వాత వివరించాడు. పైగా ఇరవయ్యేళ్ళకు వాళ్ళు మంచి విద్యార్థులే తప్ప విద్వాంసులు కారు. ముందు ఇంకా చాలా సాధన ఉంది. అన్నింటికంటే ముఖ్యమైన సంగతి, ఆయన లెక్కపెట్టింది ఊరికే వాయించిన గంటలను కాదు. తనకు రాని చోటునే పట్టుకుని, తప్పు ఎక్కడ జరుగుతోందో గురువు చూపించాక, దాన్ని ఒంటరిగా కూర్చుని సరిదిద్దుకుంటూ చేసే సాధన గురించి ఆయన మాట్లాడాడు. మీ తమ్ముడి గురువుగారు సరళీ వరసల దగ్గర వాణ్ణి ఆపి "ఆ స్వరం కిందికి జారింది, మళ్ళీ పట్టు" అంటారు చూడు, ఆ "మళ్ళీ"యే అసలు విషయం. ఆ మాట పుస్తకంలోంచి మన నోటికి వచ్చేసరికి జారిపోయి, అంకె ఒక్కటే మిగిలింది. 2014లో ఇలాంటి పరిశోధనలెన్నింటినో కలిపి చూస్తే, సంగీతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సాధనతో వివరించగలిగింది 21 శాతం, క్రీడల్లో 18 శాతం అని తేలింది. సాధన వద్దని దానర్థం కాదు. సాధన చాలా అవసరం. కానీ అది ఒక్కటే తలుపు తీస్తుందని పిల్లాడికి మాటివ్వకూడదు.

ఇంతకీ నేను ఆ పుస్తకాలు మానెయ్యమనడం లేదు. అలా అనుకునేవు సుమా! మైకేల్ ఫారడే కథ తెలిస్తే నేనలా ఎందుకనలేనో నీకే అర్థమవుతుంది.

ఫారడే లండన్‌లో ఒక కమ్మరి కొడుకు. పెద్దగా చదువు లేదు. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను కుడుతూనే చదివేవాడు. వాటిలో ఒకటి జేన్ మార్సెట్ అనే ఆవిడ రసాయనశాస్త్రం మీద రాసింది. ఒక టీచరమ్మ, ఇద్దరు ఆడపిల్లలు మాట్లాడుకుంటున్నట్టుగా సాగే పుస్తకమది. మొదట ఆవిడ తన పేరైనా వేసుకోలేదు. సామాన్యుల కోసం, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం రాసిన తేలిక పుస్తకం. ఆ కుర్రాడు దాన్ని చదివి "ఆహా, అర్థమైంది" అని మూసెయ్యలేదు. తన చేతనైనంతలో, చేతిలో ఉన్న కాస్త డబ్బుతో, అందులో చెప్పినవి చేసి చూశాడు. చేసిన మేరకు అందులోని మాటలు నిజమని తేలాక, తనకు రసాయనశాస్త్రంలో ఒక ఆధారం దొరికినట్టయిందని ముసలితనంలో ఒక మిత్రుడికి రాసుకున్నాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును తనే బైండు చేసి ఆయనకు పంపాడు. 1813లో ఆయన దగ్గరే సహాయకుడిగా చేరాడు. నీ ఆఫీసులో తిరిగే ఫ్యాను మోటారు వెనకా, దానికి కరెంటు పుట్టించే జనరేటరు వెనకా ఆ బైండరు కుర్రాడి పనే ఉంది. మార్సెట్ తర్వాతి ముద్రణల్లో ఫారడే కనిపెట్టిన సంగతులను చేర్చుకుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళు చెమరుస్తాయి.

ఆ ఫారడేయే పెద్దవాడయ్యాక పిల్లల కోసం కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలిచ్చాడు. 1860 డిసెంబరు చివర్లో మొదలుపెట్టి 1861 జనవరిలో ముగించాడు. అవి పుస్తకంగా వచ్చాయి. ఒక్క కొవ్వొత్తి! వెలిగించాక దాని తలమీద చిన్న గిన్నెలా గుంట పడి అందులో కరిగిన మైనం నిలుస్తుంది కదా, అంచు ఎందుకు కరిగిపోదు? మంట వేడికి గాలి పైకి లేస్తుంది, చుట్టుపక్కల చల్లగాలి కిందినుంచి వచ్చి అంచును ఒరుసుకుంటూ పోతుంది, అంచు చల్లబడి గట్టిగా ఉండిపోతుంది. కరిగిన మైనం వత్తిలోకి ఎలా ఎగబాకుతుంది? మండేది మైనమా, మైనపు ఆవిరా? ఈసారి కరెంటు పోయినప్పుడు నువ్వే చూడు. కొవ్వొత్తిని మెల్లగా ఊది ఆర్పి, పైకి లేస్తున్న తెల్లటి పొగకు వత్తి నుంచి రెండు మూడు వేళ్ళ ఎత్తులో అగ్గిపుల్ల చూపించు. మంట ఆ పొగ వెంబడి కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. ఆవిరే మండుతోందని అప్పుడు ఒకరు చెప్పక్కర్లేదు, నీ కళ్ళే చెబుతాయి. పెద్ద విషయాన్ని తేలిక చెయ్యడమంటే నా దృష్టిలో అదీ.

తేలిక చెయ్యాలంటే ఏదో ఒకటి వదిలెయ్యక తప్పదనుకో. స్టీఫెన్ హాకింగ్ 1988లో కాలం గురించి పుస్తకం వేసేటప్పుడు, ఒక్కో సమీకరణం చేర్చినకొద్దీ అమ్మకాలు సగానికి పడిపోతాయని ఎవరో ఆయన్ను హెచ్చరించారట. చివరికి ఐన్‌స్టీన్ది ఒక్కటే ఉంచాడు. ఆ పుస్తకం కోటి ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. లెక్కలు వదిలేశాడని నేను ఆయన్ను తప్పుపట్టను. ఏం వదిలేశారో చదివేవాళ్ళం గుర్తుపెట్టుకోవాలి, అంతే. అది గుర్తుపెట్టుకోక నేనొక పెద్ద తప్పు చేశాను. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

ఎన్నో ఏళ్ళు నేను బోర్డు మీద నాలుక బొమ్మ గీసి, కొసన తీపి, పక్కల ఉప్పు, పులుపు, వెనక చేదు అని గళ్ళు గీసి పాఠం చెప్పాను. పిల్లలు అదే రాసుకున్నారు, అదే పరీక్షలో రాశారు, నేను అదే చూసి మార్కులు వేశాను. తీరా అది తప్పు. 1901లో హేనిగ్ అనే జర్మన్ పరిశోధకుడు నాలుక అంచు మీద ఒక్కోచోట ఒక్కో రుచి ఎంత తక్కువ మోతాదులో తెలుస్తుందో కొలిచాడు. తేడాలున్నాయిగానీ చాలా స్వల్పం. 1942లో ఎడ్విన్ బోరింగ్ అనే ఆచార్యుడు తన పుస్తకంలో ఆ అంకెలను గీతలుగా మార్చి వేశాడు. ఆ గీతల పక్కన కొలత సరిగ్గా లేదు. కొంచెం తక్కువ తెలుస్తుందన్నది, చూసేవాళ్ళకు అసలు తెలియదన్నట్టు కనిపించింది. అక్కడినుంచి పాఠ్యపుస్తకాలకు పాకింది. 1974లో మళ్ళీ కొలిచి చూస్తే, రుచులన్నీ నాలుక మీద రుచిమొగ్గలున్న అన్ని చోట్లా తెలుస్తాయని తేలింది.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. దీన్ని సరిచూసుకోవడానికి నాకు ప్రయోగశాల అక్కర్లేదు. ఉప్పు డబ్బా చాలు. నాలుక కొసమీద చిటికెడు ఉప్పు పెట్టుకుని ఉంటే ఆ రోజే తెలిసేది. రోజూ కూరలో ఉప్పు సరిపోయిందో లేదో నాలుక కొసతోనే చూసేదాన్ని. మధ్యాహ్నం వంటింట్లో తెలిసిన సంగతి పొద్దున క్లాసులో గుర్తుకు రాలేదు. అచ్చులో ఉంది, బొమ్మతో ఉంది, చెప్పడానికి తేలిగ్గా ఉంది. ఇంక అడగాలనిపించలేదు.

అందుకే నీతో అంటున్నాను, "అర్థమైంది" అన్న హాయి ఎక్కడ ఎక్కువగా కలిగితే అక్కడ ఒక్క క్షణం ఆగు. ఇది వాళ్ళకెలా తెలిసింది? ఎంతమందిని చూశారు? ఎప్పుడు చూశారు? మళ్ళీ ఎవరైనా చూశారా? పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఉండే పేజీలను నువ్వు తిప్పి కూడా ఉండవు. నేనైతే ఇప్పుడు ముందు అవే తిప్పుతున్నాను.

డేనియల్ కానెమన్ పుస్తకం నీకు బాగా నచ్చిందన్నావు. 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో', 2011. నాకూ నచ్చింది. అందులో మనకు తెలియకుండానే మాటలు మన నడతను మారుస్తాయన్న అధ్యాయం ఉంది, గుర్తుందా? ముసలితనానికి సంబంధించిన మాటలతో వాక్యాలు కట్టిన విద్యార్థులు వరండాలో నెమ్మదిగా నడిచారన్న ప్రయోగం. అది 1996 నాటిది. 2012లో బెల్జియంలో కొందరు స్టాప్‌వాచ్‌కు బదులు యంత్రాలతో కాలం కొలిచి మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. నెమ్మదిగా నడుస్తారని ప్రయోగం చేసేవాళ్ళకు ముందే నమ్మకం కలిగించినప్పుడు మాత్రం వచ్చింది. ఆ రకం పరిశోధనలు చాలానే అలా నిలబడలేదు. 2017లో కానెమన్ తనే ఒప్పుకున్నాడు, కొద్దిమంది మీద చేసిన ప్రయోగాలను తను అతిగా నమ్మానని. విచిత్రమేమిటంటే, కొద్దిమందిని చూసి అందరి గురించీ తీర్మానించే పొరపాటు శాస్త్రవేత్తలు సైతం చేస్తారని 1971లో తన మిత్రుడు ట్వర్‌స్కీతో కలిసి రాసింది కూడా ఆయనే. నోబెల్ బహుమతి అందుకున్న మనిషి, ఆ వయసులో, నలుగురి ముందు తప్పు ఒప్పుకున్నాడు. ఆయనమీద నాకు గౌరవం రెట్టింపయింది. అయితే నీ బల్లమీదున్న ప్రతిలో ఆ అధ్యాయం పాతమాటే చెబుతోంది. పుస్తకం అచ్చయిన ఏడాది మొదటి పేజీలో చూసుకోమనేది అందుకే.

నువ్వింకా చదవని ఒక పుస్తకం గురించి ఇప్పుడు చెబుతాను. సిద్ధార్థ ముఖర్జీ 2010లో క్యాన్సర్ చరిత్ర రాశాడు, 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్'. పులిట్జర్ బహుమతి వచ్చింది. అది చదువుతూ చదువుతూ ఒకచోట నేను లేచి నిలబడ్డాను. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు! 1895లో ఈ భీమవరంలోనే పుట్టినాయన. పేరు నాకు తెలియక కాదు, తపాలా బిళ్ళ మీద బొమ్మ కూడా చూశాను. కానీ ఆయన పని ఏ గొలుసులో ఒక కొండీయో ఆ పుస్తకం చదివేవరకూ నాకు తెలియలేదు.

ఆ గొలుసు చూడు. 1928 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు రక్తం తగ్గిపోయే జబ్బు ఎందుకొస్తోందో చూసింది. ఈస్టు నుంచి తీసిన చవక పదార్థం తినిపిస్తే నయమవుతోందని కనుక్కుంది. అందులో ఉన్న ఆ తెలియని వస్తువే తర్వాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మకు ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రల్లో ఉన్నది అదే. ఇక సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆయన మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళి, హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచెయ్యగలిగింది. ఆ స్ప్రూ జబ్బుకు మందు అదే అయింది.

అదే సమయంలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, పిల్లలకు వచ్చే రక్తక్యాన్సర్‌కు ఏదైనా చెయ్యాలని తపిస్తున్నాడు. రక్తం పుట్టించే వస్తువు కదా, మేలు చేస్తుందనుకుని ఫోలిక్ ఆమ్లం ఇచ్చాడు. జబ్బు ఇంకా వేగంగా ముదిరింది. ముఖర్జీ ఈ ఘోరాన్ని దాచలేదు. దాన్ని దాటేసి నేరుగా విజయం దగ్గరికి వెళ్ళిపోలేదు. ఆ ఓటమిలోంచే ఫార్బర్‌కు ఆలోచన వచ్చింది. ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచుతోందంటే, దానికి అడ్డుపడే మందు జబ్బును ఆపాలి కదా? అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపించి, కణాన్ని మోసం చేసి, దాని పని ఆపేసే పదార్థాలు సుబ్బారావుగారి ప్రయోగశాల నుంచే వచ్చాయి. 1947 చివర్లో అమినోప్టెరిన్ అనే ఆ మందును ఫార్బర్ పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. కొద్ది నెలలే. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. కానీ అంతకుముందు ఆ జబ్బు ఒక మందుకు వెనక్కి తగ్గడం ఎవరూ చూడలేదు. సుబ్బారావుగారు ఆ 1948లోనే, 53 ఏళ్ళకే పోయారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సర్‌కూ కీళ్ళవాతానికీ వాడుతున్నారు.

ఇలాంటి పుస్తకం నీ చేతికి ఫలితం ఒక్కటే ఇవ్వదు. అక్కడికి వెళ్ళిన దారి, దారిలో పడ్డ గోతులు, చనిపోయిన పిల్లలు, అన్నీ చూపిస్తుంది. గాలిలోంచి ఊడిపడ్డట్టు ఒక అంకెనో సూత్రాన్నో చేతిలో పెట్టే పుస్తకానికీ దీనికీ తేడా నువ్వు మూడో పేజీకే పసిగడతావు, ఒకసారి ఇది చదివాక.

ఇంకొక్క మాట. చదివింది ఎవరికైనా తెలుగులో చెప్పు. అమ్మమ్మకు చెప్పు, ఆవిడకు వినడం ఇష్టం. ఇంగ్లీషు మాటలు మనం అర్థం కాకపోయినా వాడెయ్యగలం; తెలుగులో చెప్పబోతే ఎక్కడ అర్థం కాలేదో అక్కడ నాలుక ఆగిపోతుంది. నేనోసారి రిచర్డ్ డాకిన్స్ 1976లో రాసిన 'ది సెల్ఫిష్ జీన్' గురించి అమ్మమ్మతో "స్వార్థపు జన్యువు" అన్నాను. "జన్యువంటే కంటికి కనపడని నలుసు అంటివి, దానికి స్వార్థమేమిటే?" అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేను రెండు అధ్యాయాలు మళ్ళీ చదవాల్సొచ్చింది. జన్యువుకు కోరికా ఉండదు, బుద్ధీ ఉండదు. తన నకళ్ళు ఎక్కువగా మిగిల్చుకున్న జన్యువే తరతరాలుగా నిలిచిందన్నదే ఆయన చెప్పదలచుకున్నది. ఆ పేరుతో జనం పొరబడుతున్నారనీ, "అమర జన్యువు" అని పెట్టినా బాగుండేదేమో అనీ డాకిన్సే తర్వాత రాశాడు. అమ్మమ్మ ఒక్క ప్రశ్నతో అక్కడికే వచ్చింది.

తెలుగులో ఈ పని చేసినవాళ్ళు లేకపోలేదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టింది ఇందుకే. ఢిల్లీలో భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేస్తూ మహీధర నళినీమోహన్‌గారు గ్రహణాల గురించీ క్యాలెండర్ గురించీ పిల్లలకు కథల్లా రాశారు. బొంబాయిలో అణు పరిశోధన చేస్తూ, సితార్ వాయిస్తూ, కొడవటిగంటి రోహిణీప్రసాద్‌గారు విశ్వం గురించీ పరిణామం గురించీ ఎంత తేటగా రాశారో! ఆయన 'విశ్వాంతరాళం' నా ప్రతి నీకు పంపిస్తున్నాను. మార్జిన్లలో నా పెన్సిలు రాతలుంటాయి. నా ప్రశ్నలు కొన్నింటికి నాకింకా జవాబు దొరకలేదు, నీకు దొరికితే పక్కనే రాయి. దానితోపాటు ముఖర్జీ పుస్తకం కూడా పెట్టాను.

తమ్ముడికి రేపే ఫోన్ చెయ్యి. టైంటేబుల్ చింపెయ్యమని చెప్పు. ఈ వారం గురువుగారు ఎక్కడ ఆపుతున్నారో అడుగు, అక్కడ వాయించి వినిపించమను, విను. సంక్రాంతికి ఇద్దరూ రండి. కొవ్వొత్తులు నేను కొనిపెడతాను.

అమ్మమ్మ ఇందాకట్నుంచి "బుజ్జికి అంతంత ఏం రాస్తున్నావే?" అని అడుగుతోంది. నాలుక బొమ్మ సంగతి చదివి వినిపించాను. ఉప్పు డబ్బా తెమ్మంటోంది. ఉంటాను.

నీ
పెద్దమ్మ